ఇసుకలో దోసపాదు

ఎందుకు రాస్తున్నానంటే

ఈ మధ్య మా వీధిలో ఒకమ్మాయి బీఈడీ పూర్తిచేసి, ఇంగ్లీషు టీచరుగా చేరబోయే ముందు నా దగ్గరికి వచ్చింది. "మీ అనుభవంలోంచి నాలుగు మంచి మాటలు చెప్పండి మేడమ్" అంది. మంచి మాటలు నా దగ్గర లేవమ్మా, ఉన్నదంతా కోపమే అన్నాను. నవ్వింది. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి నా కోపమంతా చెప్పుకొచ్చాను. ఆ పిల్ల కాఫీ సగంలోనే వదిలేసి, పనుందంటూ లేచి వెళ్ళిపోయింది. అందుకని ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

నేను అనకాపల్లిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు శాలువా కప్పారు, ఇలాంటివేవీ రాయను. చదివేవాళ్ళకి అవి అక్కర్లేదు, నాకూ గుర్తులేవు. ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళకి లోపల ఏముంటుందో తెలియాలి. శిక్షణ తరగతుల్లో ఎవరూ చెప్పరు.

వ్యర్థప్రయాస

మా స్కూల్లో తొమ్మిదో తరగతి నుంచే పదో తరగతి పాఠాలు మొదలయ్యేవి. పిల్లలకి స్కూలు వారే అచ్చువేయించిన 'మెటీరియల్' ఒకటి ఇచ్చేవారు. అసలు పాఠ్యపుస్తకం అట్టయినా నలగకుండా సంచిలోనే ఉండిపోయేది. ఆ మెటీరియల్లో ఇంగ్లీషు జాతీయాల్ని అర్థాన్నిబట్టి గుంపులుగా కట్టారు. అన్నిటికన్నా పెద్ద గుంపు, ఒళ్ళు హూనం చేసుకున్నా ఫలితం దక్కని పనుల గురించి. చచ్చిన గుర్రాన్ని కొరడాతో కొట్టడం. అడవి బాతు వెంట పరిగెత్తడం. గాలిని గుద్దడం. జల్లెడతో నీళ్ళు మోయడం. ఇసుక దున్నడం. ఇన్ని రకాలుగా వృథా కష్టాలు పడ్డ దొరలు మన దేశాన్ని అన్నాళ్ళు ఎలా ఏలారో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ప్రతిదాని పక్కనా అర్థం ఒకే మాట: వ్యర్థప్రయాస. దాన్ని ఎక్కం చెప్పించినట్టు చెప్పించాలి. నేను "ఫ్లాగింగ్ ఎ డెడ్ హార్స్?" అనాలి. క్లాసంతా "వ్యర్థప్రయాస!" అని అరవాలి. "వైల్డ్ గూస్ చేజ్?" "వ్యర్థప్రయాస!" "ప్లౌయింగ్ ది శాండ్స్?" "వ్యర్థప్రయాస!" వరండాలో నడిచి వెళ్ళేవాళ్ళకి ఏదో గొప్ప చదువు జరుగుతున్నట్టే వినిపించేది. పిల్లలు తెలివైనవాళ్ళు, కిటుకు పట్టేశారు. ఏ జాతీయం అడిగినా వ్యర్థప్రయాస అనేవారు. కంటిపాప లాంటి బిడ్డ అనే అర్థం వచ్చే జాతీయానికి కూడా అదే జవాబు. ఆ జవాబు చెప్పిన పిల్లాడి తండ్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు ఆరోజు.

మీరు చేరగానే మీ చేతిలోనూ ఇలాంటి పుస్తకమే పెడతారు. అది మీరు రాసింది కాదు, పిల్లలు అడిగింది కాదు. అయినా సంవత్సరం చివర్న దాన్ని బట్టే ఇద్దర్నీ కొలుస్తారు.

మార్కులొచ్చిన శ్రీను

మా స్కూల్లో శ్రీను అని ఒకడుండేవాడు. మెటీరియల్ అట్ట నుంచి అట్ట దాకా అప్పజెప్పేవాడు. ఇంగ్లీషులో వాడికి వచ్చిన మార్కులు చూసి కరస్పాండెంటు గారు నాకు స్వయంగా స్వీటు తెచ్చిచ్చారు. కరస్పాండెంటు గారంటే మా స్కూలు యజమాని.

కొన్నేళ్ళకి శ్రీను ఒక సాయంత్రం మా ఇంటికొచ్చాడు. అచ్యుతాపురం వైపు ఏదో కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాడట. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ ఊరి గురించి ఇంగ్లీషులో సెప్పమన్నారు టీచర్. తుమ్మపాల నుంచి వచ్చేనన్నాను. తరవాత మాట రాలేదు. చచ్చిన గుర్రం, అడవి బాతు, అన్నీ గుర్తొచ్చేయి. మా ఊరికి అయ్యెందుకు పనికొత్తాయి? ఇన్నేళ్ళు ఏటి సెప్పేరు టీచర్ మాకు?"

వాడు తిట్టడానికే వచ్చాడు, తిట్టి వెళ్ళాడు. తప్పంతా నాదంటే నేనొప్పుకోను. అలా చెప్పమన్నవాళ్ళు, అలా పరీక్షలు పెట్టినవాళ్ళు, ఆ మార్కులు చూసి మురిసిపోయినవాళ్ళు అందరూ పంచుకోవాల్సిన తిట్లు అవి. కానీ ఆ పిల్లాడు వెతుక్కుంటూ వచ్చింది మా ఇంటికే. అప్పట్నుంచి నేను శనివారం ఆఖరి పీరియడ్లో మెటీరియల్ మూయించేసి, ఎవరింటి సంగతి వాళ్ళని ఇంగ్లీషులో చెప్పమనేదాన్ని. తప్పులొస్తే రానీ అనేదాన్ని. ఇది కరస్పాండెంటు గారికి తెలుసు. తెలిసీ తెలియనట్టుండేవారు.

కరస్పాండెంటు గారు

ఆయన్ని చెడ్డవాడని రాసేసి చేతులు దులుపుకోవడం తేలిక. అది నిజం కాదు. ఒక పిల్లకి క్లాసులో జ్వరం వస్తే తన స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషి. పిల్లల మీద చెయ్యి చేసుకున్న టీచర్ని ఆ పూటే పంపించేశారు. కానీ పదో తరగతి ఫలితాల మాటెత్తితే ఆయనకి ఇంకేమీ కనిపించేది కాదు. వంద శాతం పాస్ అవ్వాలి. వందకి ఒక్కటి తగ్గినా ఇంట్లో చావు జరిగినట్టు కూర్చునేవారు.

వంద శాతం తెప్పించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, అందరికీ చదువు చెప్పడం. రెండోది, పాసవ్వరేమో అనుకున్న పిల్లల్ని తొమ్మిదో తరగతి చివర్లోనే టీసీ ఇచ్చి పంపేయడం. రెండోది సులువు. మా స్కూలొక్కటే చేస్తుందని కాదు, అందరూ చేస్తారు, ఎవరూ పైకి అనరు. టీసీలో కారణం దగ్గర 'తల్లిదండ్రుల కోరిక మేరకు' అని రాస్తారు. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

వెనకబడ్డ పిల్లల్ని మేడమీద రేకుల షెడ్డులో వేరే కూర్చోబెట్టేవారు. దానికి 'డల్ బ్యాచ్' అని పేరు. వాళ్ళ ముందే ఆ పేరు పెట్టి పిలిచేవారు. నా గొంతు పెద్దది కాబట్టి ఏటా ఆ షెడ్డు నాకే ఇచ్చేవారు.

నూకరత్నం

నూకరత్నం నాకు ఆ షెడ్డులోనే దొరికింది. మునగపాక వైపు నుంచి ఆటోలో వచ్చేది. తండ్రి అప్పలనాయుడు చెరకు నరుకుడు పనికి వెళ్ళేవాడు. శారద ఏరు ఎండాక ఆ ఇసుకలో దోస, పుచ్చ పాదులు పెట్టేవాడు. అక్షరమంటే ఆ పిల్లకి భయం లేదు, అప్పజెప్పడమంటేనే విసుగు. అర్థం కానిదాన్ని నోట్లో పెట్టుకునేది కాదు.

షెడ్డులో తన మొదటిరోజు, క్లాసంతా వ్యర్థప్రయాస అని అరుస్తుంటే తను చెయ్యెత్తింది.

"టీచరుగారూ, వ్యర్థప్రయాసంటే ఏటండీ?"

అన్నాళ్ళుగా అరుస్తున్న పిల్లలంతా నావైపు చూశారు. వాళ్ళకీ తెలియదు! ఒక్కరికీ తెలియదు. ఇంగ్లీషు మాటకి అర్థంగా నేర్పిన తెలుగు మాట కూడా వాళ్ళకి పరాయిదే. ఎంత కష్టపడినా ఏమీ దక్కకపోవడం అని చెప్పాను. ఇసుక దున్నితే ఏం పండుతుంది, అలాగన్నమాట అన్నాను.

"పండుతాదండీ" అంది.

షెడ్డంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు.

"దున్నరండీ, గోతులు తీత్తారు. సెమ్మ తగిలేదాకా తవ్వి, గోతిలో పెంటేసి ఇత్తనం పెడతారు. కడవల్తో నీళ్ళు పోత్తాం. మా నాన్న దోసకాయలు ఇసకలోయేనండీ. ఆ బుక్కు రాసినోళ్ళు మా ఏటికాడికి రాలేదేటి?"

పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయి, శనివారం మాత్రం ఇదంతా నాకు ఇంగ్లీషులో చెప్పు అన్నాను. చెప్పింది. మొదటి శనివారం ఒక్క వాక్యం. తర్వాత ఇంకొకటి కలిపింది. పిట్, మెన్యూర్, సీడ్, ఒక్కో మాటా అడిగి తీసుకుంది. తీసుకున్న మాటని మళ్ళీ మర్చిపోలేదు. అచ్చువేసిన పుస్తకం అప్పజెప్పలేని పిల్ల, తన ఇసుక గురించి ఆగకుండా మాట్లాడటం మొదలుపెట్టింది. నా ఉద్యోగ జీవితంలో ఇంగ్లీషు నేర్పడమంటే ఏమిటో నాకు తెలిసింది ఆ శనివారాల్లోనే.

విశాఖపట్నం నుంచి వచ్చినాయన

తొమ్మిదో తరగతి చివర్లో, ఎవర్ని పదో తరగతికి ఉంచాలో తేల్చడానికి విశాఖపట్నం నుంచి ఒక సలహాదారుణ్ణి పిలిపించారు. పేరు రాయను. టై కట్టుకుని కంప్యూటర్ గదిలో ఏసీ కింద కూర్చున్నాడు. డల్ బ్యాచ్ పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళాలి. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మధ్యలో మాట్లాడకూడదని ముందే చెప్పారు.

ఆయన జాతీయం అడగడం, పిల్లలు వ్యర్థప్రయాస అనడం, ఆయన టిక్కు పెట్టడం. గుడ్డిగా అన్నవాళ్ళందరికీ టిక్కు పడింది. నూకరత్నం వంతు వచ్చింది. ఆయన సరిగ్గా అదే అడిగాడు, "ప్లౌయింగ్ ది శాండ్స్?"

ఆ పిల్ల నావైపు చూడలేదు. చేతులు కట్టుకుని నిలబడి, "సర్, నో ప్లౌ ఇన్ శాండ్. వి డిగ్ పిట్. వి పుట్ మెన్యూర్. మై మదర్ బ్రింగ్ వాటర్. కుకుంబర్ కమ్స్ సర్. వెరీ గుడ్ కుకుంబర్" అంది.

పుస్తకంలో రాసినట్టు చెప్పమన్నానుగా అని నాకు ఒక్క క్షణం దాని మీదే కోపమొచ్చింది. మరుక్షణం ఆ కోపం పోయింది. ఆ రోజంతట్లో ఆ గదిలో ఇంగ్లీషు మాట్లాడిన పిల్ల అదొక్కతే. ముక్కూమొహం తెలియని మనిషి ఎదుట, ఎవరూ రాసివ్వని వాక్యాలు అలా చెప్పుకుంటూ పోయింది. తప్పులున్నాయి. ఉండవూ మరి?

సలహాదారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "కుకుంబర్!" అన్నాడు తన వెంట వచ్చిన మనిషితో. "నేనడిగింది మీనింగ్" అన్నాడు దానితో.

"మీనింగ్ రాంగ్ సర్" అంది నూకరత్నం.

ఇంటూ పెట్టాడు. నేను మాట్లాడకూడదన్న సంగతి మర్చిపోయి, మీకు ఇంగ్లీషు వచ్చా అని అడిగాను ఆయన్ని. తర్వాత ఏమేం అన్నానో రాయడం మర్యాద కాదు. ఆయనకి ఆ పూట భోజనం సయించలేదని ఆఫీసులో చెప్పుకున్నారు. సంతోషం.

దోసకాయల సంచి

రెండురోజుల తర్వాత అప్పలనాయుడిని పిలిపించారు. ఎందుకు పిలిచారో ఆయనకి తెలియదు. కూతురు బాగా చదువుతోందని చెప్పడానికేమో అనుకుని, ఒక సంచి నిండా దోసకాయలు తెచ్చాడు. కరస్పాండెంటు గారు లేచి ఎదురెళ్ళి సంచి అందుకున్నారు. అటెండర్ని పిలిచి, ఇంటికి పంపించమన్నారు. ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని చెప్పారు.

"పిల్ల మంచిదే నాయుడూ. కానీ ఇంగ్లీషు అందుకోలేకపోతోంది. ఇక్కడుంటే దానికే కష్టం. టీసీ ఇస్తాను, ఎక్కడైనా తేలిగ్గా ఉండేచోట వేసుకో."

"అలాగే బాబూ. తమరికి తెలీందేటుంది" అన్నాడాయన, చేతులు కట్టుకుని.

నన్ను మండించింది ఆ మాటే. తిట్టి ఉంటే, బల్ల చరిచి ఉంటే నేను అంత రెచ్చిపోయేదాన్ని కాదేమో. తలుపు దగ్గర నిలబడ్డదాన్ని లోపలికి వెళ్ళిపోయాను.

"ఆ దోసకాయలు ఎక్కడ పండాయో అడగండి సార్."

అప్పలనాయుడే చెప్పాడు, "ఏటి ఇసకలోవే టీచరమ్మా. మా గుంటే, నూకరత్నమే, నీళ్ళు పోసింది."

"అదే మాట ఆ పిల్ల ఇంగ్లీషులో చెప్పింది సార్. అది చెప్పినందుకే తప్పు పెట్టారు. తప్పు పెట్టి, ఆ కాయలే ఇంటికి పంపించుకుంటున్నారు."

కరస్పాండెంటు గారు టీసీ పుస్తకం ముందుకి లాక్కున్నారు. మెల్లిగా అన్నారు, "మేడమ్, మీరన్నది నిజమే అనుకుందాం. పరీక్షలో దోసకాయలకి మార్కులెయ్యరు."

నిజమే. వెయ్యరు. ఆరోజు టీసీ మీద 'తండ్రి కోరిక మేరకు' అని రాసి సంతకం పెట్టారు. అప్పలనాయుడు అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ఇది చూశాక ఆ స్కూల్లో ఉండలేననుకున్నాను. అయినా పదో తరగతి పిల్లల పరీక్షలు నడుస్తున్నాయి, మధ్యలో వదిలేస్తే నష్టపోయేది వాళ్ళే. అవి పూర్తయ్యేదాకా ఉండి, ఆ తర్వాత మానేశాను. రిటైరయ్యానని అందరితో చెప్పేది ఆ మానేయడాన్నే.

ఏటి ఒడ్డున

అప్పలనాయుడు కూతుర్ని చదువు మాన్పించేస్తాడని నాకు అనుమానం. అనుకున్నట్టే అయింది. నేను వెళ్ళేసరికి నూకరత్నం ఇసుకలో కడవ మోస్తోంది.

"ఎందుకులెండి టీచరమ్మా, అంత సదువుకున్నోళ్ళే రాదన్నారు కదా" అన్నాడాయన. "పదో క్లాసు లేకపోయినా దోసపాదు కాత్తాది."

"పాదు ఎండాకాలం కాస్తుంది నాయుడూ. మిగతా ఏడాదంతా అది చెరకు నరకాలా?"

నూకరత్నం కడవ దింపి వచ్చింది. "నాను ఎల్తాను నాన్నా. నాకు రాదని ఆళ్ళు సెప్తే అయిపోద్దేటి? నాకు తెలీదా నాకేటొచ్చో?" అంది.

వేసవి సెలవులయ్యి బడులు తెరవగానే నేనే వెంటబెట్టుకుని వెళ్ళి ప్రభుత్వ హైస్కూల్లో చేర్పించాను. అక్కడి ఇంగ్లీషు మాస్టారు నెమ్మదైన మనిషి, టీసీ చూసి నిట్టూర్చి పేరు రాసుకున్నారు. ఆదివారాలు నేను ఏటి ఒడ్డుకి వెళ్ళేదాన్ని. జాతీయాలు ఒక్కటీ చెప్పలేదు, ఆ మార్కులు పోతే పోనీ అనుకున్నాం. ఉత్తరం రాయడం, చూసింది చెప్పడం, చదివి అర్థం చేసుకోవడం, ఇవే. కొన్ని ఆదివారాలు నాకు ఓపికుండేది కాదు. కొన్నిసార్లు దానికి ఉండేది కాదు, పుస్తకం విసిరికొట్టేది. మళ్ళీ ఇసుక దులిపి తెచ్చేది.

ఫలితాలొచ్చాయి. ఇంగ్లీషుతో సహా అన్నిట్లోనూ మంచి మార్కులు. తర్వాత పాలిటెక్నిక్‌లో సీటు కూడా వచ్చింది.

ఫ్లెక్సీ

ఫలితాలొచ్చిన వారమే బెల్లం మార్కెట్ దగ్గర ఒక పెద్ద ఫ్లెక్సీ చూసి రోడ్డు మధ్యలో ఆగిపోయాను. మా పాత స్కూలుది. సగం మేర కరస్పాండెంటు గారు నమస్కారం పెడుతున్నారు. మిగతా సగంలో పిల్లల ఫొటోలు. వాటిలో నూకరత్నం! కింద 'మా విద్యార్థిని' అని.

ఇలా చేస్తారని నేను ఊహించనైనా లేదు. తిన్నగా వెళ్ళి నూకరత్నాన్ని తీసుకుని ఆఫీసుకి వెళ్ళాను. మాట్లాడటానికి నేను నోరు తెరిచేలోపే అది మొదలుపెట్టింది.

"నా ఫొటో తీయించెయ్యండి సార్."

"నాలుగేళ్ళు మన దగ్గర చదివావు కదమ్మా. మన పిల్లవే కదా" అన్నారాయన, నిజంగానే ప్రేమగా.

"మా నాన్న కోరికన్జెప్పి టీసీలో రాసేరు సార్. మా నాన్న ఏటీ కోరలేదు. ఇప్పుడు నాను కోరతన్నాను. దింపించండి."

ఆయన నావైపు చూశారు, నేను సర్దిచెబుతాననుకున్నారేమో. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. సాయంత్రానికి ఫ్లెక్సీ దింపించి, ఆ పిల్ల చేతికే ఇచ్చేశారు. అప్పలనాయుడు సంబరపడ్డాడు. కూతురి ఫొటో వచ్చినందుకు కాదు, ఏటి ఒడ్డున పాక కప్పు చిరిగిపోయింది, దానికి సరిగ్గా సరిపోతుందని.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఇసుక మీద దాన్ని పరిచి, కొడవలి పట్టుకుని కొలత చూసుకుంటున్నాడు. కరస్పాండెంటు గారి బొమ్మ కింద ఎర్రటి పెద్ద అక్షరాలున్నాయి.

"ఏటి రాసేరు టీచరమ్మా ఇక్కడ?" అన్నాడు.

చదివి వినిపించాను, "శ్రమ మాది, విజయం మీది."

ఆయన కొడవలి ఆపి, అర్థం కానట్టు నా మొహంలోకి చూశాడు. తర్వాత అటు పాదుల వైపు చూశాడు. నూకరత్నం, వాళ్ళమ్మ ఏటి చెలమలోంచి నీళ్ళు తోడుకుని వస్తున్నారు.

"సెమ ఆళ్ళదా?" అన్నాడు. మొదటిసారి ఆయన గొంతులో కోపం విన్నాను. "మరి ఈ కడవలు మోసిందెవులు?"

వంగి, ఆ ఎర్రక్షరాల ముక్కని కరస్పాండెంటు గారితో సహా కోసేసి, పెంటకుప్ప మీద కప్పాడు.